పార్టీ ఊళ్ళో లేరు

మా రోజుల్లో టెలిఫోన్ నంబరు ఊరిది, మనిషిది కాదు. 0883 కొడితే రాజమండ్రి, 0884 కొడితే కాకినాడ, 08856 అయితే అమలాపురం. ఆ తర్వాతి అంకెలు ఇంటిని పట్టిచ్చేవి. ఫోను హాల్లో ఓ మూల చిన్న బల్లమీద, అల్లిక గుడ్డ కప్పుకుని, గోడలోంచి వచ్చిన వైరుకి కట్టుబడి ఉండేది. మోగితే ఎత్తారా, ఇంట్లో ఉన్నట్టు. ఎత్తలేదా, ఊళ్ళో లేనట్టు. అంతకుమించి ఎవరూ ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు.

ఇప్పుడు నంబరు మనిషి జేబులోకి చేరింది. వాడు రాజమండ్రి దానవాయిపేటలో ఉన్నా డల్లాస్‌లో ఉన్నా అవే పది అంకెలు. నొక్కేవాడికి అవతలివాడు ఎక్కడున్నాడో తెలీదు, అక్కడ పగలో రాత్రో తెలీదు, ఆ కాలు ఖర్చు ఎవరి నెత్తిన పడుతోందో అసలే తెలీదు. దీన్ని సౌకర్యం అంటున్నారు. అననీండి. నేను ట్రంకు ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరి, టెలిఫోన్సులోనే తల నెరిసి రిటైరైనవాణ్ణి. ఈ ఒక్క విషయంలో సణిగే హక్కు మిగతావాళ్ళకన్నా నాకు కాస్త ఎక్కువే ఉంది.

నా చిన్ననాటి స్నేహితుడొకడు ఉన్నాడు. పేరెందుకులెండి, చదివితే పోట్లాటకొస్తాడు. ఎండలు ముదిరేసరికి వాడూ వాళ్ళావిడా కొడుకు దగ్గరికి డల్లాస్ ఎగిరిపోతారు. విజిటర్ వీసా మీద దిగినవాళ్ళని మామూలుగా ఆరు నెలలు ఉండనిస్తారు కనక, ఆ ఆరు నెలల్లో ఒక్కరోజు కూడా వదలకుండా ఉండి వస్తారు. వెళ్ళడం తప్పని నేననను. కోడలికి పురుడంటే వెళ్ళకుండా ఎలా ఉంటారు? నా బాధల్లా వెళ్తున్నట్టు చెప్పకపోవడం. ఎందుకు చెప్పలేదురా అని అడిగితే, "స్టేటస్‌లో పెట్టాను కదరా, చూడలేదా?" అంటాడు. వాడి స్టేటస్ చూడటం నా నిత్యపూజలో ఓ భాగమైనట్టు.

మా రోజుల్లో ఒకడు విదేశం వెళ్తున్నాడంటే జిల్లా అంతటికీ తెలిసేది. పేపర్లో జిల్లా పేజీలో ఫొటో పడేది, కోటు వేసుకుని, మెడకి టై బిగించుకుని. ఊరి నుంచి వ్యాను మాట్లాడుకుని బేగంపేట ఎయిర్‌పోర్టు దాకా వెళ్ళి దిగబెట్టేవాళ్ళం. దండలు వేసేవాళ్ళం. వాళ్ళమ్మ ఆవకాయ జాడీని ఎన్ని ప్లాస్టిక్ కవర్లలో చుట్టిందో లెక్క చెప్పుకుంటూ ఏడ్చేది. తిరుగుప్రయాణంలో వ్యానులో ఎవరూ మాట్లాడుకునేవాళ్ళు కాదు. ఎయిర్‌పోర్టు 2008లో శంషాబాద్ వెళ్ళింది. దిగబెట్టే అలవాటు దాంతోపాటు ఎటు వెళ్ళిందో తెలీదు. ఇప్పుడు అర్ధరాత్రి క్యాబ్ బుక్ చేసుకుని, పక్కింటి కుక్కకి కూడా తెలీకుండా వెళ్ళిపోతున్నారు.

అంచేత ఏమవుతుందంటే, మధ్యాహ్నం పన్నెండున్నరకి, భోజనానికి ఇంకా టైముంది కదా అని, నేను వాడి నంబరు నొక్కుతాను. గోదావరి గట్టు మీద వాకింగ్ ఆపేశాడేమిటా, ఒంట్లో బాగాలేదా అని కనుక్కుందామని. అక్కడ డల్లాస్‌లో రాత్రి రెండు. వాడు మంచమ్మీంచి లేచి, బాత్రూములోకి వెళ్ళి తలుపేసుకుని, "ఒరేయ్, పిల్ల ఇప్పుడే పడుకుందిరా" అని గొంతు నొక్కుకుని మాట్లాడతాడు. తప్పు నాదైనట్టు!

ఇక్కడో చిన్న సంగతి. చెవి పెట్టి వింటే మనిషి దేశం దాటాడో లేదో రింగులోనే తెలిసిపోయేది, మొన్నమొన్నటి దాకా. మన దేశంలో కాల్ చేసినవాడికి వినబడే రింగు జంటగా ఉంటుంది: ట్రర్-ట్రర్, కాస్త ఆగి, మళ్ళీ ట్రర్-ట్రర్. ఇంగ్లండువాడిదీ అదే బాణీ, మనకి అబ్బింది అక్కణ్ణుంచేగా. అమెరికాలో అలా కాదు. ఒకటే పొడుగాటి మోత, రెండు సెకన్లు. తర్వాత నాలుగు సెకన్లు నిశ్శబ్దం. మళ్ళీ పొడుగు మోత. ఆ నాలుగు సెకన్ల నిశ్శబ్దం వినబడగానే మాబోటి పాత ఆపరేటర్లు టక్కున పెట్టేసేవాళ్ళు. పార్టీ ఊళ్ళో లేరు, అక్కడ రాత్రి, లేపకూడదు అని.

ఆ ఆధారం కూడా పోయింది. కాలర్ ట్యూను వచ్చిందిగా! మా వాడి నంబరు నొక్కితే వెంకటేశ్వరస్వామి కీర్తన మొదలవుతుంది. ఆ పాటని మనకి వినిపించేది వాడి ఫోను కాదు, ఇక్కడి కంపెనీ మిషను. వాడు డల్లాస్‌లో కూరగాయల షాపులో తోపుడు బండి నెట్టుకుంటున్నా, ఇక్కడ నా చెవిలో కీర్తన నిక్షేపంగా సాగుతూనే ఉంటుంది, వాడు ఇప్పుడే పూజగది లోంచి బయటికి వస్తున్నాడేమో అన్నంత నమ్మకంగా.

మరి ఈ కాల్ అంత దూరం ఎలా వెళ్తుందంటారా? నాకు తెలిసిన పని కనక చెప్తాను, విసుక్కోకండి. వాడు డల్లాస్‌లో దిగి ఫోను ఆన్ చేయగానే అక్కడి టవరు వీడెవడో పరాయివాడని పోల్చుకుంటుంది. ఏ దేశపు సిమ్మో చూసి, మన కంపెనీ రిజిస్టరుకి కబురు పంపుతుంది: మీ చందాదారు నా దగ్గరున్నాడు, వచ్చిన కాల్స్ ఇటు పంపండి అని. ఇక్కడ నేను పది అంకెలు నొక్కితే నా కాల్ ముందు మన దేశంలోనే ఆ కంపెనీ ఎక్స్ఛేంజికి చేరుతుంది. వాళ్ళు రిజిస్టరు చూస్తారు. ఓహో అమెరికాలో ఉన్నాడా అనుకుని, అక్కణ్ణుంచి సముద్రాలు దాటిస్తారు. నా వరకు అది మామూలు కాలే. వీధి చివర కిరాణా కొట్టుకి ఫోన్ చేసినట్టే నా ప్యాకులోనే పోతుంది. సముద్రం దాటించిన ఖర్చంతా పడేది వాడి మీద. ఎత్తినందుకు.

ఎత్తినవాడి దగ్గర డబ్బు గుంజడం మనకేం కొత్త కాదు. 1995 జులై 31న కలకత్తా నుంచి జ్యోతి బసు ఢిల్లీలో సుఖ్‌రామ్‌కి చేసిన కాల్‌తో దేశంలో సెల్‌ఫోన్లు మొదలయ్యాయి. ఆ తొలి రోజుల్లో చేసినా బాదుడే, ఎత్తినా బాదుడే, రద్దీ వేళల్లో నిమిషానికి పదహారు రూపాయల దాకా. సెల్ మోగగానే ఎత్తకుండా, నంబరు చూసి కట్ చేసి, పక్కనున్న ల్యాండ్‌లైన్ నుంచి తిరిగి చేసేవాళ్ళు పెద్ద పెద్ద కాంట్రాక్టర్లు సైతం. 2003లో ఇన్‌కమింగ్ ఉచితం అయ్యాక ఆ గొడవ వదిలిందనుకున్నాం. వదల్లేదు. పాస్‌పోర్టు తీసుకుని విదేశాల్లో కాపురం పెట్టింది. రోమింగ్ ప్యాక్ వేయించుకోకుండా వెళ్ళినవాడికి ఈనాటికీ ఎత్తినందుకే నిమిషానికి పదుల రూపాయలు, కొన్ని దేశాల్లో ఇంకా ఎక్కువ. మనం ఇక్కడ తీరుబడిగా చిక్కుడుకాయల ధర దగ్గర్నుంచి మునిసిపల్ ఎలక్షన్ల దాకా చెప్పుకుపోతుంటాం, అక్కడ వాడి మీటరు తిరుగుతుంటుంది. మొహమాటస్తుడైతే "పెట్టెయ్యరా" అనలేడు. మా వాడికి మొహమాటం లేదు గానీ, అందరూ అలా ఉండరుగా.

మా రోజుల్లో ఈ పితలాటకం లేదు. మాట్లాడాలని ఎవడికి ముచ్చటో వాడే డబ్బు కట్టుకునేవాడు. 180కి చేసి ట్రంకు బుక్ చేయాలి. మా వాళ్ళు టికెట్టు రాసేవాళ్ళు: ఏ ఊరికి, ఏ నంబరుకి, ఆర్డినరీయా, అర్జెంటా, లైట్నింగా. అర్జెంటుకి రెండింతలు, లైట్నింగుకి ఎనిమిదింతలు. లైట్నింగు అని వినబడగానే బోర్డు మీద చేతులు వాటంతటవే పరుగెత్తేవి, అది చావు కబురో ఆపరేషనో అయ్యుంటుందని. ఇవిగాక పీపీ అని మరొకటి. పర్టిక్యులర్ పర్సన్. ఫలానా మనిషే లైన్లోకి రావాలి, ఇంకెవరొచ్చినా లెక్కలోకి రాదు. ఆ మనిషి లేకపోతే అవతలి ఆపరేటరు మాకు చెప్పేవాడు, మేము బుక్ చేసినవాళ్ళకి చెప్పేవాళ్ళం: "పార్టీ ఊళ్ళో లేరండి, సోమవారం వస్తారట." పూర్తి ఛార్జీ పడేది కాదు, ఏదో నామమాత్రం వేసి ఊరుకునేవాళ్ళం. కనుక్కుని చెప్పినందుకు.

ఇప్పుడు యంత్రం ఏం చెప్తుంది? "మీరు కాల్ చేస్తున్న కస్టమర్ ప్రస్తుతం కవరేజి పరిధిలో లేరు." ఇదే ముక్క మూడు భాషల్లో. పరిధిలో లేరంటే ఎక్కడున్నట్టు? లిఫ్టులోనా, మారేడుమిల్లి అడవిలోనా, అట్లాంటిక్ సముద్రం మీద విమానంలోనా? సోమవారం వస్తాడా? బతికున్నాడా? మా ఎక్స్ఛేంజిలో రాత్రి డ్యూటీ చేసే ఏ అమ్మాయైనా ఇంతకన్నా మనిషి మాట ఒకటి చెప్పేది.

విదేశీ కాల్ అంటే అదో యజ్ఞం. మేం చేసేదేమీ ఉండేది కాదు, బొంబాయికి చెప్పాలి, వాళ్ళు తీరం దాటించాలి. 1971లో పుణె దగ్గర ఆర్వీలో ఉపగ్రహ కేంద్రం వచ్చేదాకా షార్ట్‌వేవ్ రేడియో మీదే ఎక్కువ నడిచేది, గాలివాటాన్ని బట్టి గొంతు వచ్చీ పోయీ. ఉపగ్రహం వచ్చాక గొంతు నిలబడింది గానీ ఆలస్యం మొదలైంది. ఆ ఉపగ్రహం ఉండేది 36,000 కిలోమీటర్ల ఎత్తున. మాట ఎక్కి దిగేసరికి పావు సెకను. జవాబు ఎక్కి దిగేసరికి మరో పావు. ఈ అర సెకను సందులో "హలో" మీద "హలో" పడి, ఇద్దరూ ఒకేసారి మాట్లాడి, ఒకేసారి ఆగిపోయి, ఒకేసారి "నువ్వు చెప్పు" అనుకునేవాళ్ళు. మూడు నిమిషాల్లో ఒక నిమిషం దీనికే పోయేది. కానీ ఒకటి చెప్పాలి. ఆ అర సెకనే జనానికి అవతలివాడి మాట పూర్తయ్యేదాకా ఆగడం నేర్పింది. ఇప్పుడు సముద్రం అడుగున కేబుల్ వేసి ఆ ఆలస్యాన్ని చాలావరకు మింగేశారు. ఆగడం కూడా దాంతోపాటే పోయింది. మా వాడితో మాట్లాడి చూడండి, తెలుస్తుంది.

మూడు నిమిషాలు కాగానే మేము లైన్లోకి వచ్చి, "మూడు నిమిషాలైందండి, పొడిగించమంటారా?" అని అడిగేవాళ్ళం. ఆ మాట వినేసరికి అసలు సంగతి బయటికొచ్చేది. అప్పటిదాకా వానలూ వంటలూ అయ్యేవి. చివరి పది సెకన్లలో "నాన్నకి ఆపరేషన్, డబ్బు పంపు" అనేవాళ్ళు. ఇప్పుడు గంట మాట్లాడతాడు మా వాడు, వీడియో ఆన్ చేసి. అందులో అరగంట నాకు వాళ్ళింటి సీలింగు కనిపిస్తుంది, మిగతా అరగంట వాడి ఎడం చెవి. ఏం తిన్నావంటాడు. నేను చెప్తాను. నువ్వేం తిన్నావంటాను. వాడు చెప్తాడు. అక్కడ కూడా బీరకాయ దొరుకుతుందట.

టెలిఫోన్ బూతు వచ్చాక సంగతి వేరు. ఎనభైల్లో, తొంభైల్లో పసుపుపచ్చ బోర్డు మీద ఎస్‌టీడీ, ఐఎస్‌డీ, పీసీఓ అని రాసి సందుసందునా వెలిశాయి. చాలాచోట్ల నడిపేవాళ్ళు కాలో చెయ్యో సరిగా లేనివాళ్ళు, సర్కారు వాళ్ళకి ముందు ఇచ్చింది. మంచి పని చేసింది, ఒప్పుకోవాలి. అద్దాల గది, లోపల గాలాడదు, తలుపు మూస్తే చెమట. కళ్ళెదురుగా ఎర్ర అంకెల మీటరు, నిమిషాలూ రూపాయలూ పక్కపక్కనే పరుగెత్తేవి. అమెరికాకి నిమిషానికి అరవై రూపాయల పైమాటే అప్పట్లో. మాట్లాడేవాడి చూపు మీటరు మీద, మనసు అమెరికాలో, చెయ్యి జేబులో. బయటికి రాగానే చిన్న ప్రింటరు కిర్రుకిర్రుమని చీటీ కక్కేది. ఎన్ని సెకన్లు, ఎంత డబ్బు, ఏ నంబరు, అన్నీ అచ్చులో. ప్రేమకి రసీదు ఇచ్చిన కాలం అది. మన దేశంలోని ఊళ్ళకైతే రాత్రి పదకొండు దాటాక పావు రేటు. అంచేత హైదరాబాదులో చదువుకునే కుర్రాళ్ళంతా సెకండ్ షో సినిమా వదిలినట్టు అర్ధరాత్రి బూతుల ముందు క్యూ కట్టేవాళ్ళు.

కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు బూతుల కథ ఇంకో రకం. అక్కణ్ణుంచి దుబాయి, సౌదీ, మస్కట్ వెళ్ళినవాళ్ళకి శుక్రవారం సెలవు. ఆ రోజు ఫోన్ చేస్తామని ముందే ఉత్తరంలో రాసేవాళ్ళు. ఊరి బూతు దగ్గర పొద్దుటి నుంచి ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని కూర్చునేవాళ్ళు. మోగగానే బూతువాడు ఎత్తి, "ఎవలు గావాలె?" అని అడిగి, పేరు పెట్టి కేకేసేవాడు. ఫోన్ దొరకనివాళ్ళు టేపురికార్డరు క్యాసెట్లో మాటలు నింపి, ఊరికి వచ్చేవాడి చేత పంపేవాళ్ళు. ఇటునుంచి పిల్లల ఏడుపు, మేకల అరుపు, తల్లి తిట్లు నింపి పంపేవాళ్ళు. ఒక క్యాసెట్ వంద సార్లు వినేవాళ్ళంటే అతిశయోక్తి కాదు.

ఇప్పుడు వాళ్ళకి సుఖమేగా అంటారు. ఏం సుఖం? డల్లాస్‌లో ఏసీ గదిలో కూర్చున్న మా వాడు వాట్సాప్‌లో కానీ ఖర్చు లేకుండా గంటలు గంటలు మాట్లాడతాడు. దుబాయిలో ఎండలో మేస్త్రీ పని చేసేవాడికి ఆ వాట్సాప్ కాలే పనిచేయదు. అక్కడి సర్కారు దానికి అనుమతివ్వలేదు. వాళ్ళు ఒప్పుకున్న వేరే యాప్‌లే వాడుకోవాలి, ఊళ్ళో ఉన్న తల్లి ఫోన్లో కూడా అవే పెట్టించాలి. ఆ తల్లికి ఉన్న ఒక్క యాప్ నేర్చుకోవడానికే ఓ పండగ పట్టింది. నా సణుగుడులో కాస్తో కూస్తో న్యాయం ఉన్నది ఈ ఒక్కచోటే అని మా ఆవిడ అంటుంది.

మా వాడి దగ్గరికి వద్దాం. అక్కడికి వెళ్ళాక వాడు అక్కడి సిమ్ ఒకటి వేసుకుంటాడు. ఆ కొత్త నంబరు నాకు ఇవ్వడు, ఇచ్చినా నేను రాసుకోను, మళ్ళీ ఏడాది అది మారుతుంది. ఆ నంబరు నుంచి చేస్తే నా ఫోన్ మీద ప్లస్ ఒకటి అని ఏదో పొడుగాటి సంఖ్య పడుతుంది. విదేశీ నంబర్ల నుంచి తెలియనివాళ్ళు చేస్తే ఎత్తవద్దని పోలీసులు పేపర్లో రాస్తున్నారు, టీవీలో చెప్తున్నారు. డిజిటల్ అరెస్టు అంటారు, కొరియర్లో గంజాయి దొరికిందంటారు, ఉన్న పెన్షను ఊడ్చుకుపోతారు. నేను ఎత్తను. వాడు అలుగుతాడు. "నా గొంతు కూడా గుర్తుపట్టలేదురా?" అంటాడు. ఎత్తితేగా గొంతు తెలిసేది!

ఇక్కడి సిమ్ మాత్రం తీసేయడు. ఫోనులో రెండో స్లాటులో పెట్టుకుని కంటికి రెప్పలా చూసుకుంటాడు. నా కోసం అనుకునేరు. బ్యాంకు ఓటీపీ కోసం. రోమింగులో మెసేజీ వస్తే డబ్బు పడదు, కాల్ ఎత్తితే పడుతుంది, అందుకని బ్యాంకువాడు పంపితే చదువుతాడు, నేను చేస్తే కట్ చేస్తాడు. అరవై ఏళ్ళ స్నేహం కన్నా ఆరంకెల ఓటీపీకి మర్యాద ఎక్కువైంది. అది కూడా సరిగా ఉండదు. 2022లో అమెరికా కంపెనీలు పాత త్రీజీ నెట్‌వర్కులు మూసేశాయి. మా వాడు ఇక్కణ్ణుంచి పట్టుకెళ్ళిన పాత ఫోను అక్కడ నోరు మూసుకు కూర్చుంది. ఆ ఏడాది కరెంటు బిల్లు కట్టడానికి ఓటీపీ రాక, నాకు మెసేజీ పెట్టాడు, కాస్త కట్టరా అని. కట్టాను. అప్పుడు గుర్తొచ్చాను.

వాడు దేశంలో లేడని తెలుసుకోవడానికి నాకు ఇప్పుడు మిగిలిన గుర్తు ఒక్కటే. శుభోదయం. ఇక్కడున్నప్పుడు తెల్లవారుజామున అయిదింటికే సూర్యుడూ మందారపువ్వూ ఉన్న బొమ్మ ఒకటి పంపుతాడు. అదే బొమ్మ సాయంత్రం దీపం పెట్టే వేళకి వచ్చిందంటే పార్టీ ఊళ్ళో లేనట్టు. మా ఆవిడ కూడా పసిగట్టేసింది. "మీ వాడు వెళ్ళిపోయినట్టున్నాడండీ, సూర్యుడు ఇప్పుడొచ్చాడు" అంటుంది.

నవ్వులాటకి అంటున్నాను గానీ, ఒక్క విషయంలో నాకు ఏం చేయాలో ఇప్పటికీ పాలుపోదు. మాతో చదువుకున్నవాడొకడు పోయినేడు వేసవిలో పోయాడు. పొద్దున్న పదకొండున్నరకి కబురు తెలిసింది. డల్లాస్‌లో రాత్రి ఒంటిగంట. మా రోజుల్లో అయితే ఈ సందేహమే రాదు. లైట్నింగ్ కాల్ బుక్ చేసే స్తోమత ఎవరికీ ఉండదు, టెలిగ్రాం కొట్టేవాళ్ళు. అది చేరేసరికి చేరేది. కొన్నిసార్లు ఉత్తరం వెళ్ళేసరికి ఇక్కడ పెద్దకర్మ కూడా అయిపోయేది. అక్కడివాడు ఒక్కడూ కూర్చుని, ఎప్పుడో అయిపోయినదానికి అప్పుడు ఏడ్చేవాడు. టెలిగ్రాంని 2013 జులైలో ఆపేశారు. ఇప్పుడు చెప్పడం క్షణం పని, చెప్పాలా వద్దా అన్నది రాత్రంతా తేలని పని. లేపి చెప్తే ఆ అర్ధరాత్రి వాడు చేయగలిగిందేమీ లేదు, ఉదయం దాకా గోడకేసి చూస్తూ కూర్చోవడం తప్ప. చెప్పకపోతే, తెల్లారి లేచి గ్రూపులో ఇరవైమంది ఓం శాంతి చూసి తెలుసుకుంటాడు. పరిచయం అంతంతమాత్రం ఉన్నవాడు కూడా ముందే తెలుసుకుని చేతులు జోడించిన బొమ్మ పెట్టేసి ఉంటాడు. నేను గ్రూపులో వేయొద్దని అందరికీ ఫోన్లు చేసి ఆపి, వాళ్ళకి తెల్లారేదాకా ఉండి, అప్పుడు చెప్పాను. వాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "రాత్రే చెప్పాల్సింది" అన్నాడు. ఇంకాసేపటికి, "పోన్లే, మంచి పని చేశావు" అన్నాడు. రెండిట్లో ఏది నిజమో నేను అడగలేదు.

ఆ తర్వాత వాళ్ళబ్బాయి కల్పించుకుని ఓ పద్ధతి పెట్టాడు. "అంకుల్, డైరెక్టుగా కాల్ చేయకండి. ముందు ఒక మెసేజ్ పెట్టండి, ఫ్రీనా అని. నాన్న చూసుకుని టైము చెప్తారు, అప్పుడు మాట్లాడుకోండి" అన్నాడు. అతి వినయంగానే చెప్పాడు, కొత్త సంగతేదో కనిపెట్టినట్టు. నాయనా, దీన్నే మేము ట్రంకు బుకింగ్ అనేవాళ్ళం అన్నాను. వాడికి అర్థం కాలేదు. ముందు అడగాలి, అవతలివాళ్ళు కుదురుతుందనాలి, మనం ఫోను పక్కన కాచుక్కూర్చోవాలి. శాటిలైట్లు వేసి, కేబుళ్ళు వేసి, టవర్లు పాతి, చివరికి మమ్మల్ని మళ్ళీ మా బోర్డు ముందే కూర్చోబెట్టారు. ఆపరేటరు ఒక్కడే మారాడు. ఇప్పుడు ఆ కుర్చీలో వాళ్ళ కోడలుంది. మామగారి ఫోన్ ఆ అమ్మాయి దగ్గరే ఉంటుంది, పిల్ల దానిలో బొమ్మలు చూస్తుంది కనక. "మావయ్యగారు వాకింగుకి వెళ్ళారంకుల్" అని రాస్తుంది. పార్టీ ఊళ్ళో లేరన్నమాటే.

ప్రస్తుతానికి మా బుకింగ్ ఆదివారం పొద్దున్న ఏడున్నరకి. అక్కడ శనివారం రాత్రి తొమ్మిది. నవంబరు మొదటి ఆదివారం వాళ్ళు గడియారం గంట వెనక్కి తిప్పుకుంటారు, అప్పుడు నేను ఎనిమిదిన్నరకి కూర్చోవాలి. వాళ్ళ గడియారం తిరిగితే నా టిఫిను ఎందుకు ఆలస్యం కావాలో మా ఆవిడకి చెప్పి ఒప్పించలేకపోయాను. వాడు మాత్రం "అప్పటికి నేను వచ్చేస్తాన్లే" అంటాడు, ఏటా అనే మాటే.

మొన్న ఆదివారం ఏడున్నరకి ఫోను ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఏడూ నలభైకి కోడలి నుంచి మెసేజీ వచ్చింది: ఎవరింట్లోనో బర్త్‌డే పార్టీ, మావయ్యగారు ఇంకా రాలేదు, వచ్చే వారం చేసుకోండి అని. మా రోజుల్లో పీపీ బుక్ చేసి పార్టీ దొరక్కపోతే, కనుక్కుని చెప్పినందుకు నామమాత్రం ఛార్జీ వేసేవాళ్ళమని పైన చెప్పానుగా. ఆ లెక్కన మా వాడు నాకు కొంత బాకీ పడ్డాడు. రాజమండ్రిలో దిగనీండి, స్టేషన్ దగ్గర కాఫీ హోటల్లో వసూలు చేస్తాను. దిగినట్టు చెప్తేగా.